రెండోసారి చెయ్యని లెక్క

సోమవారం ఉదయం మా గైడు సార్ భార్య ఫోన్ చేశారు. "సార్ లేరమ్మా. కాఫీ ఇద్దామని లేపితే పలకలా" అన్నారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది. నేను నిజం చెప్పుకోవాల్సిన మనిషి వెళ్ళిపోయారు.

తిరుపతిలో ఆయన దగ్గర ఐదేళ్ళు పరిశోధన చేశాను. మా పని ద్రవ స్ఫటికాల మీద. ద్రవంలా జారుతూనే పొరలు పొరలుగా పేర్చుకునే పదార్థాలవి. ఆ పొరలు వంగితే వంపు నిలుస్తుందా, చదునైపోతుందా అన్నదే మా ప్రశ్న. చేరిన రోజున సార్ లావుపాటి నోటుపుస్తకం ఒకటి వంచి చూపించారు. "సూడు, కాగితం మందం మారలా. ఒకదాని మీద ఒకటి జరిగినాయి, అంతే. పొరలూ ఇట్లే" అన్నారు. నాకు అర్థమయ్యేదాకా నా చేత కూడా వంపించారు.

ఆయనది కార్వేటినగరం. మహా నెమ్మది మనిషి, లెక్క దగ్గర మాత్రం చండశాసనుడు. చేసిన కాగితం బీరువాలో పెట్టి తాళం వేసి, అదే లెక్క మొదటి నుంచి మళ్ళీ చేయించేవారు. ఒకసారి విసుగెత్తి, కాగితం ఇచ్చేముందే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. దాన్ని చూసి దించేశాను.

"మళ్ళా అదే వచ్చినాదా?"

"అదే వచ్చింది సార్."

"అయితే నాకింక దిగుల్లేదు" అన్నారు. వంగిన పొరలు నిలుస్తాయని ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది.

పోయిన నెల థీసిస్ కోసం ఆ లెక్క నిజంగానే మళ్ళీ చేశాను. మొదటిసారి ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ వేసుకున్నానని తేలింది. వంపు నిలవదు, పొరలు చదునైపోతాయి. ఆయన పద్ధతే నా తప్పును పట్టించింది. నాలుగుసార్లు ఆయన గదిదాకా వెళ్ళాను. చివరిసారి ఆయనే "ఏమ్మా, మొగం అట్ల పెట్టుకోనుండావు? తిన్న్యావా?" అని అడిగారు. తిన్నానని చెప్పి వచ్చేశాను. అదీ అబద్ధమే.

ఈ సంస్మరణ సంచికకు ఆయన చివరి ఫలితం గురించి గొప్పగా రాయమని మా విభాగంవాళ్ళు అడిగారు. డిగ్రీ పోతుందేమోనని భయం. ఆయన పేరుకు మచ్చ వస్తుందేమోనని ఇంకా భయం. అయినా రాస్తున్నాను. ఆ ఫలితం తప్పు. తప్పు నాది, సార్‌ది కాదు. ఆ వ్యాసం అచ్చేసిన పత్రికవాళ్ళకూ ఇదే రాసి పంపాను.

నిన్న ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఆ పదార్థాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. వంపు ఉన్నచోటల్లా ఒక వెలుగు వలయం, చదునుగా ఉన్నచోట నలుపు. చూస్తుండగానే అవి చిన్నవవుతూ, ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. చివరికి అంతా నలుపు. తలెత్తితే పక్కన ఆయన కుర్చీ ఖాళీగా కనబడుతుందని, ఆ చీకట్లోకే చూస్తూ ఉండిపోయాను.