పిల్లల సైజు షోల్డర్ ప్యాడ్లు

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆ కబురు నాకు మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఉండగా అందింది. బ్రిస్బేన్‌లో ఉండే వాళ్ళమ్మాయి తల్లిని చూసుకోవడానికి వచ్చి కొన్ని వారాలుగా ఇక్కడే ఉంటోంది. ఆసుపత్రి నుంచి తనే మెసేజ్ పెట్టింది: "మమ్ ఈజ్ గాన్." నేను ఇంట్లోంచే పనిచేస్తున్నాను, మైకు ఆపి ఉంది. "అయ్యో ఆంటీ" అని పైకే అన్నాను. స్క్రీను మీది మొహాల్లో ఒక్కటీ తిరిగి చూడలేదు. తరువాత నా వంతు వస్తే బడ్జెట్ గురించి చెప్పాల్సింది చెప్పేశాను. గొంతు వణకకుండా చెప్పగలిగినందుకు ఇప్పటికీ నా మీద నాకు చిరాకుగానే ఉంది.

కాన్‌బెర్రాలో మేముండే హారిసన్‌లో ఆంటీలకు కరువేమీ లేదు. వీధికి నలుగురు తగులుతారు. పచ్చళ్ళు పెట్టే ఆంటీ, సత్సంగం ఆంటీ, సంబంధాలు చూసే ఆంటీ. నేను చెప్తున్నది ఐస్ హాకీ ఆడే ఆంటీ గురించి. నమ్మడం కష్టమని నాకూ తెలుసు. అరవై దాటిన మనిషి, కాకినాడలో పుట్టి, ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై, ఆదివారం పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని, కాళ్ళకు బ్లేడు బూట్లు కట్టుకుని, చేత కర్ర పట్టుకుని, మంచు మీద నల్లటి రబ్బరు బిళ్ళ వెనకాల పరిగెత్తేవారు. పెద్దవాళ్ళు సరదాకు ఆడుకునే ఆట అది. ఒకరినొకరు గుద్దుకోకూడదని రూలుంది. పడకూడదని మాత్రం రూలేమీ లేదు, అందరం పడతాం.

ఆవిడ ఈ ఆటలోకి వచ్చింది కూతురి వల్ల. ఆ పిల్ల చిన్నప్పుడు స్కేటింగ్ నేర్చుకుంటుంటే ఆంటీ ఏళ్ళ తరబడి రింక్‌లో, ఆ మంచు నేలకు బయట, బల్ల మీద శాలువా కప్పుకుని వణుకుతూ కూర్చున్నారట. పిల్ల పెద్దదై మానేసింది. అంకుల్ పోయారు. ఆ తరువాత ఒకరోజు ఆవిడే వెళ్ళి పెద్దవాళ్ళ క్లాసులో పేరిచ్చారు. ఎందుకాంటీ అని అడిగితే, "బయట కూర్చుంటే చలేస్తుందే. లోపలికి దిగితే చెమట పడుతుంది. ఏది నయం?" అనేవారు.

నన్ను దింపింది కూడా ఆవిడే. నాది వరంగల్. పెళ్ళయింది, నిలవలేదు, ఉద్యోగం పట్టుకుని ఒక్కదాన్నే ఇక్కడికొచ్చాను. మనవాళ్ళ ఫంక్షన్లకు కొన్నాళ్ళు వెళ్ళాను. "మీవారు రాలేదా?" అని అడిగేవాళ్ళు కొందరు, అలా అడిగినవాళ్ళను మోచేత్తో పొడిచి పక్కకు తీసుకెళ్ళేవాళ్ళు కొందరు. ఈ రెండో రకమే ఎక్కువ బాధ పెట్టేది. చివరికి వెళ్ళడం మానేశాను. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూస్తే మళ్ళీ సోమవారం దాకా నోటి వెంట ఒక్క మాట రాని వారాలుండేవి. ఆంటీ నన్ను ఎప్పుడూ ఆరా తీయలేదు. ఒకరోజు చెత్తడబ్బా బయట పెడుతుంటే ఫెన్సు అవతల నుంచి పలకరించారు.

"ఆదివారం పొద్దున ఏం చేస్తుంటావు?"

"ఏం లేదాంటీ."

"అయితే కారెక్కు."

కొన్ని వారాలు అద్దె స్కేట్లతో గోడ పట్టుకుని నడిచాక నాకూ సొంత సామాను కావాలనిపించింది. ఆంటీని ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా ఆన్‌లైన్‌లో అన్నీ తెప్పించాను. హెల్మెట్, భుజాలకూ మోచేతులకూ ప్యాడ్లు, మోకాలి నుంచి కిందికి కట్టుకునే షిన్ గార్డులు, లోపల దళసరిగా దూది కుక్కినట్టుండే నిక్కరు, గ్లోవ్స్, స్కేట్లు. అన్నీ ఒక సైజు పెద్దవి. మా ఇంట్లో ఏదైనా అలాగే కొనేవాళ్ళు. స్కూలు యూనిఫాం, చెప్పులు, స్వెటరు, ఏది కొన్నా వచ్చే ఏడాదికి కూడా పనికి రావాలి. నలభై దాటాక నేనింకా ఎటు ఎదుగుతానో మాత్రం ఆలోచించలేదు.

ఆవిడ గరాజ్‌లో అవన్నీ తొడుక్కుని నిలబడ్డాను. ఆంటీ నా చుట్టూ ఒకసారి తిరిగి, హెల్మెట్ పట్టుకుని పక్కకు తిప్పారు. హెల్మెట్ తిరిగింది, నా తల తిరగలేదు. ఆవిడ నవ్వాపుకోలేక వాషింగ్ మెషీన్ మీద చెయ్యి ఆనించుకున్నారు.

"ఏంటే ఇది? ఖాళీ జాగా అద్దెకిస్తున్నావా?"

"కొంచెం లూజుంటె మంచిదే కదా ఆంటీ. లోపల స్వెటర్ ఏస్కోవచ్చు."

"లూజుంటే నువ్వు పడేలోపే ప్యాడ్ పక్కకి జరిగిపోద్ది. నేల తగిలేది నీ ఎముకకే. ఊరికే బరువు మోసినట్టు."

అవన్నీ వాపసు పంపించి నన్ను దుకాణానికి తీసుకెళ్ళారు. హెల్మెట్, స్కేట్లు కొత్తవే కొనాలి, షిన్ గార్డులు ఎవరైనా వాడినవి దొరికినా చాలన్నారు. హెల్మెట్‌కు అంతకుముందు తగిలిన దెబ్బ పైకి కనపడదట. స్కేటు మామూలు బూటు కన్నా చిన్నది తీసుకోవాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్ళు వంచితే మడమ వెనక్కి ఒదిగిపోవాలి. మొహానికి పూర్తి జాలీ ఉండాల్సిందే, అందులో బేరం లేదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటి: "ప్యాడ్ ఎక్కడుందో చూడడం కాదు, ఎక్కడ లేదో చూడు." నన్ను వంగమని, చేతులెత్తమని, గొంతుక్కూర్చోమని, గ్లోవ్‌కూ మోచేతి ప్యాడ్‌కూ మధ్య, నిక్కరుకూ షిన్ గార్డుకూ మధ్య వేలు పెట్టి వెతికేవారు. వేలు దూరితే ఆ జత పక్కన పడేసినట్టే. దుకాణం అబ్బాయి విసుగు మొహం పెట్టినా లెక్కచేయలేదు.

కొత్త స్కేట్లు వేసుకున్న మొదటిరోజు నాకు లేసులు బిగించడం చేతకాలేదు. ఆంటీ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేను గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. వయసులో పెద్దావిడ చేత కాళ్ళు పట్టించుకోవడం మా ఇంట్లో ఊహించను కూడా ఊహించం.

"వద్దాంటీ, పాపం తగుల్తది నాకు."

"తగిలితే తగిలింది, చీలమండ అయినా దక్కుతుంది. కాలియ్యి."

పాదాన్ని ఒళ్ళోకి లాక్కుని ఒక్కో వరసా గుంజి కట్టారు. నా పాదాన్ని ఇంకో మనిషి చేత్తో పట్టుకుని ఎన్నేళ్ళయిందో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. మొహానికి జాలీ ఉంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీలు లేక అలాగే కూర్చున్నాను. ఆంటీ తల ఎత్తలేదు. ఎత్తకపోవడం కావాలనేనని నా నమ్మకం.

ఈ ఏడాది ఉగాదికి నన్ను బలవంతంగా ఫంక్షన్‌కు తీసుకెళ్ళారు. అక్కడ అందరూ ఆవిడ చుట్టూ మూగారు. "ఆంటీ, ఎంత సన్నబడ్డారండీ! ఏం డైట్ చేస్తున్నారు?" ఆవిడ నవ్వుతూ "హాకీ" అన్నారు. ఇద్దరు ముగ్గురు రింక్ ఎక్కడో కనుక్కుని ఫోన్లలో రాసుకున్నారు కూడా. మనవాళ్ళకు మనిషి చిక్కితే చాలు, ఎందుకు చిక్కారని అడగరు, ఎలా చిక్కారని అడుగుతారు. నేనూ అప్పటిదాకా ఆట వల్లనే అనుకున్నాను.

ఆ తరువాతి ఆదివారం డ్రెస్సింగ్ రూంలో ఆవిడ షోల్డర్ ప్యాడ్ల పట్టీని చివరిదాకా లాగి బిగించారు. బిగించినా భుజం దగ్గర నా పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది. నేను చూస్తున్నానని గమనించి గబగబా జెర్సీ తొడుక్కున్నారు. కొన్ని నెలలుగా ఆవిడ డ్రైవింగ్ మానేశారు, కారు నేనే నడిపేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు అడిగాను.

"ఆంటీ, మీ ప్యాడ్లు లూజయినయ్."

"తిరగబెట్టిందే" అన్నారు. ఎప్పుడో తగ్గిందనుకున్న రొమ్ము క్యాన్సర్, ఈసారి ఎముకల్లోకి వచ్చింది. డాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పారట, పడకూడదని. పడితే విరుగుతుంది, విరిగితే అతకదు, ఇక మిగిలిన రోజులన్నీ మంచం మీదే.

నేను కారు పక్కకు ఆపి అరిచాను. "మరి ఇయ్యాల మంచు మీదికి ఎట్ల దిగిన్రు?"

"ఇంట్లో కూర్చుంటే పడననుకుంటున్నావా? మొన్న బాత్రూంలో జారబోయాను. అక్కడ నెత్తిన హెల్మెట్టు కూడా లేదు."

ఇక తీసుకెళ్ళనన్నాను. నేనూ వెళ్ళలేదు. తరువాతి ఆదివారం కిటికీలోంచి చూస్తే, ఆవిడ హాకీ సంచీ పక్కన పెట్టుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నన్ను పిలవలేదు, నా ఇంటి వైపు చూడనూ లేదు. ఎండ ముదిరేదాకా కూర్చుని సంచీ ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఆ పై వారమూ అంతే. నాకు భయంగా ఉండేది. తీసుకెళ్ళి ఆవిడ పడితే, నా చేతులతో నేనే మంచాన పడేసినట్టు. తీసుకెళ్ళకపోతే, ఆవిడకున్న కాసిని ఆదివారాలూ ఆ మెట్టు మీదే అయిపోతాయి. ఇంకో భయం కూడా ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. ఆవిడ రింక్ మానేస్తే నాకు మాట్లాడే మనిషి ఉండదు. కానీ ఆ మెట్టు మీద మనిషిని చూస్తూ కిటికీ వెనక నిలబడడం నా వల్ల కాలేదు. మరో ఆదివారం అలాగే కూర్చుని ఉంటే తలుపు తీసుకుని వెళ్ళాను.

"తీస్కపోత. కని ఈ లూజు ప్యాడ్లతోటి మాత్రం దిగనియ్య."

ఆవిడ అప్పుడే లేచి నిలబడ్డారు.

దుకాణంలో ఆడవాళ్ళ చిన్న సైజు కూడా ఆవిడ భుజాల మీద వేలాడింది. చివరికి తనే పిల్లల సామాను వైపు నడిచారు. దుకాణం అబ్బాయి మా వెనకాలే వచ్చి, "హౌ ఓల్డ్ ఈజ్ ద కిడ్?" అన్నాడు. "సిక్స్టీ టూ" అన్నారు ఆంటీ. అతను నవ్వాడు. ఆవిడ కోటు విప్పగానే నవ్వు ఆపి, పిల్లలవి ఉన్నన్ని రకాలూ తెచ్చి ముందు పెట్టాడు. ఈసారి వంగమనడం, చేతులెత్తమనడం నా వంతు. గొంతుక్కూర్చోమంటే "అది వద్దులే, లేవలేను" అన్నారు. సందుల కోసం వేలు పెట్టి వెతుకుతుంటే ఎముకలు చేతికి తగిలాయి. తుంటి మీద మందంగా ఉన్న నిక్కరు ఒకటి, మెడకు గార్డు ఒకటి తీసుకున్నాం. పచ్చ అంచున్న పిల్లల షోల్డర్ ప్యాడ్లు కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి. అద్దంలో చూసుకుని "బాగున్నానా?" అన్నారు. "మంచిగున్నరాంటీ" అన్నాను. నిజంగానే బాగున్నారు.

ఆ చలికాలం, ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, ఆదివారాలన్నీ వెళ్ళాం. ఆట మానేశారు. ఆట మొదలయ్యే ముందు నాతో పాటు గోడ వెంట నెమ్మదిగా చుట్లు తిరిగేవారు. ఒక్కసారే పడ్డారు. ఎవరిదో బిళ్ళ దొర్లుకుంటూ వస్తే పాత అలవాటు కొద్దీ కర్ర చాపి, పక్కకు ఒరిగి భుజం మీద పడిపోయారు. రింక్‌లో ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నేను మోకాళ్ళ మీద పడి ఆవిడ మొహంలోకి చూశాను. ఆంటీ కదలకుండా పైకప్పు వైపు చూస్తున్నారు. ఒక్కో చెయ్యీ కదిపి చూసుకున్నారు, ఒక్కో కాలూ కదిపి చూసుకున్నారు. తరువాత అన్నారు:

"సరిపోయాయే ప్యాడ్లు."

ఏదీ విరగలేదు. కారు దిగేటప్పుడు, "వచ్చే వారం కూడా" అన్నారు. సెప్టెంబరులో ఇక్కడి వసంతం వచ్చేసరికి ఆ వాకిట్లో మెట్టు కూడా దిగలేకపోయారు.

అంత్యక్రియలకు మనవాళ్ళు చాలామందే వచ్చారు. ఒకావిడ నా పక్కన కూర్చుని, "ఈ వయసులో ఆ ఆటలేంటండీ, ఒంటి మీదకి తెచ్చుకున్నారు" అంది. ఆట వల్ల కాదని చెప్పి కుర్చీ మారిపోయాను.

మర్నాడు వాళ్ళమ్మాయి నన్ను గరాజ్‌లోకి పిలిచింది. బట్టలారేసే స్టాండు మీద ఆంటీ సామానంతా ఆరేసి ఉంది. తల్లి జబ్బు సంగతి తనకు తెలుసు, రింక్ సంగతి తెలియదు. పిల్లల సైజు ప్యాడ్లు చేతిలోకి తీసుకుని లేబుల్ చూసింది.

"షి వాజ్ స్టిల్ గోయింగ్, వాజ్‌న్ట్ షి?"

"అవును. నేనే తీస్కపోయిన."

తిడుతుందనుకున్నాను. ఆ ప్యాడ్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "గుడ్" అంది. అన్నీ నన్నే ఉంచుకోమంది. ఆవిడ ప్యాడ్లు నా తల దాటి భుజాల దాకా కూడా రాలేదు. దాచుకుందామని ఉంది, కానీ ఇంట్లో గోడకు తగిలించుకుంటే ఆంటీ ఊరుకోరు. ఇద్దరం వెళ్ళి, రింక్‌లో పిల్లల జట్టును చూసుకునే ఆవిడకు ఇచ్చి వచ్చాం.

పోయిన ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. అంత దూరం కారులో రేడియో పెట్టాను, ఏం వచ్చిందో గుర్తులేదు. నేను వెళ్ళేసరికి పిల్లల ప్రాక్టీసు నడుస్తోంది. జట్టును చూసుకునే ఆవిడ ఎదురొచ్చి, ఆ ప్యాడ్లు ఒక పాపకు భలే సరిపోయాయని, ఇవాళ వేసుకుందని చెప్పింది. ఏ పాపో అడిగేలోపు ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. మంచు చుట్టూ ఉండే అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పిల్లలందరివీ ఒకే రంగు జెర్సీలు. అందరి మొహాలకూ జాలీలే. ప్యాడ్లు లోపల ఉంటాయి, బయటికి కనపడవు. ఒకళ్ళ తరువాత ఒకళ్ళు పడుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ పడుతున్నారు. ఏ పిల్ల పడినా, అది లేచి నిలబడేదాకా నా చెయ్యి అద్దం మీదే ఉంటోంది.