రెండిళ్ళ మధ్య ఒక అద్భుతం

ఉదయం ఏడింటి పాసింజరుకి తాడేపల్లిగూడెంలో బయలుదేరాను. కొల్లేటి లంకలో ఉంటున్న మా చెల్లెలు రమణ ఇంటికి ప్రయాణం. దాని మరిది కూతురు పోయి ఏడాది కావస్తోంది. అయినా పక్కనే ఉన్న ఆ ఇంట్లో రమణ ఇంతవరకూ అడుగు పెట్టలేదని తెలిసి ఉండబట్టలేకపోయాను.

రెండేళ్ళ కిందట పక్షవాతంతో మంచాన పడ్డ రమణ భర్త, మా బావ సత్యం, ఒక ప్రార్థన కూటంలో లేచి నాలుగడుగులు వేశాడు. అది చూసి అన్నదమ్ముల కుటుంబాలు రెండూ బాప్తిస్మం తీసుకున్నాయి. తర్వాత మరిది, అతని భార్య నాగమణిల కూతురికి కిడ్నీలు పాడయ్యాయి. అదే కూటం, అవే ప్రార్థనలు. పిల్ల దక్కలేదు.

చేబ్రోలులో ఎక్కిన ఒక రిటైర్డు మాస్టారు చేతిలో బైబిలు చూసి, మాటల్లో ఇదంతా చెప్పాను. ఆయన బైబిలు ఒళ్ళో పెట్టుకుని చెప్పారు.

"మా తాతగారు మతం పుచ్చుకున్నది మిషను బళ్ళో అందరి పక్కనా కూచోనిచ్చారనండి. అద్భుతాలేం చూళ్ళేదాయన. మా నాయనమ్మ జ్వరంతో చనిపోయిన వారం కూడా ఆయన చర్చికెళ్ళేరట."

ఏలూరులో ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కాను. అటు వెళ్ళేవాళ్ళు కిటికీ పక్క సీటు చూసుకోవాలి. రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, ఎక్కడో దూరంగా అసలు కొల్లేరు, దాని మీద గూడబాతులు. బస్సు దిగి ఆటోలో లంకకి చేరేసరికి పదకొండయింది.

రమణ కొర్రమీను పులుసు వండింది. వడ్డిస్తూనే బావ లేచి నడిచిన సంగతి మళ్ళీ మొదలుపెట్టింది.

"తినేసి నాగమణి వాళ్ళింటికెళ్దామమ్మా" అన్నాను.

"వాళ్ళకి విశ్వాసం చాలలేదన్నయ్యా. అందుకే పిల్ల..."

బావ కంచంలో చెయ్యి ఆపేశాడు.

"నా మంచం పక్కన మోకాళ్ళ మీద కూచుని ఏడ్చింది ఆ పిల్లేనే. నాకెక్కడిది అంత విశ్వాసం? ఆ రోజు నేనసలు దేవుణ్ణి తలుచుకోనే లేదు."

రమణ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేమిద్దరం మాత్రమే బయలుదేరాం. కానీ బావ తమ్ముడి గుమ్మం దాకా వచ్చి రోడ్డు మీదే నిలబడిపోయాడు.

నాగమణి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. చర్చి మానేశారటగా అని అడిగాను.

"దేవుడు మంచివాడని వెళ్ళలేదండి అన్నయ్యగారూ. బావగారు లేచేరని వెళ్ళాం. మా పిల్ల లేవలేదు. ఇంకేం చూసుకుని వెళ్ళమంటారు?" అంది. కాసేపాగి, "పాటలు బాగుండేవండి" అంది.

గుమ్మంలోంచి బయటికి చూసి, "బావగారు ఎండలో నిలబడ్డారు. లోపలికి రమ్మనండి" అంది.

వెళ్ళి పిలిచాను. బావ తల అడ్డంగా ఊపాడు. "బాగయినవాణ్ణి బావగారూ. ఆవిడకి మొహం ఎలా చూపించను?"

తిరుగు రైలు ఏలూరు దాటాక రమణ ఫోను చేసింది.

"నేనన్న మాట వాళ్ళతో చెప్పేవా అన్నయ్యా?"

"చెప్పలేదమ్మా. వాళ్ళకి ఎప్పుడో తెలుసు."

దెందులూరు వచ్చేదాకా అది ఫోను పెట్టెయ్యలేదు.

బావ నడిచాడు, కాదనను. ఆస్పత్రివాళ్ళు నేర్పిన వ్యాయామమో, దైవమో నేను తేల్చలేను. కానీ నాలుగడుగులు చూసి నమ్మమన్నవాళ్ళు, ఆ అడుగులు పడని ఇంటికి చెప్పడానికి ఒక్క ఓదార్పు మాటా మిగుల్చుకోలేదు. నింద ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల పెదనాన్న కోసం ఏడ్చినప్పుడు మాత్రం దేనికీ రుజువు అడగలేదు.