బండ దగ్గర ఆగిన కరెంటు

మిర్యాలగూడ రైస్ మిల్లులో వడ్లను పైకి మోసే ఎలివేటర్ ముట్టుకున్న హమాలీకి షాక్ కొట్టింది. మనిషి బతికాడు. కొత్త ఎర్తింగ్ ఎలా వేయాలో చూడమని యజమాని సూర్యాపేట నుంచి నన్ను పిలిచాడు. నాది వైరింగ్ పని. కానీ మా గ్రంథాలయంలో విద్యుత్తు మీదున్న పుస్తకాలన్నీ చదివాను. సమీకరణాలు నాకెవరూ నేర్పలేదు. నా చదువు నలుగురికీ తెలిసే రోజు వచ్చిందనుకున్నాను.

ఈలోగా మా ఆవిడ నాకు సాయంగా ఉంటాడని ఫోన్ చేసి తన తమ్ముణ్ణి మిల్లుకు పిలిపించింది. కోదాడ కాలేజీలో ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాడు. ల్యాప్‌టాప్‌తో దిగి, మిల్లు కింది నేలను తెరమీద పెట్టెలా గీశాడు.

"అంచుల దగ్గర ఏం జరుగుద్దో మనమే చెప్పాలి సార్. లేకపోతే లెక్క తేలదు," అన్నాడు యజమానితో.

అది నేను చదివిందే. అతనికంటే ముందు అందుకున్నాను. "పైన గాలి, దాంట్లకు కరెంటు పోదు. పక్కలకు, కిందికి శానా దూరం పోతే వోల్టేజీ సున్నా. అందుకే ఎర్తింగ్ పైపు లోతుకు దించాలె."

"పక్కలు సరే బావా. కింద సున్నా ఎలా పెడతాం? సార్, మీ బోరు వేసినప్పుడు బండ ఎక్కడ తగిలింది?"

"రెండు నిలువులు దిగంగనే," అన్నాడు యజమాని.

"ఎండు బండలోకి కరెంటు దాదాపు పోదు. కింది అంచు కూడా మూసేసినట్టే."

ఈ ప్రాంతంలో నేను తవ్వించిన ఎన్నో గుంతల్లో గడ్డపార బండకు తగిలి ఖంగుమంది. అయినా పుస్తకంలోని అంతులేని మట్టినే నమ్మాను. అతను కింది అంచు మార్చగానే తెరమీద కరెంటు దారి చూపే రంగులు పక్కలకు పాకాయి. లోతు గుంత వద్దు, వడ్లు ఉడికించిన నీళ్లు పారే కాలువ వెంట తడి మట్టిలో పొడవుగా తవ్వి ఇనుప పట్టీ పరవమన్నాడు.

"గిట్ల సమజయ్యేటట్టు చెప్పాలె," అన్నాడు యజమాని. నావైపు తిరిగి, "మీ బామ్మర్ది చెప్పినట్టు తవ్వియ్యి అన్నా."

"బావ నాకంటే ఎక్కువ చదివాడు సార్," అన్నాడు బామ్మర్ది.

ఆ మాటకు ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది.

అతను గీసిన గీత మీదే తవ్వించాను, పట్టీ వేయించాను, మట్టి కప్పించాను. ఎర్తింగ్ నిరోధం కొలిచే మీటరు తగిలించేటప్పుడు షాక్ తిన్న హమాలీ నా పక్కనే నిలబడ్డాడు.

"తగ్గుతున్నదా అన్నా?"

ముల్లు దిగుతోంది. ఎంత దిగితే అతనికి అంత భద్రం. అది తెలిసీ, ఇంకాస్త పైనే ఆగిపోవాలని కోరుకున్నాను.