అద్దాలకు తొడుగులు కుట్టే పిన్ని

ఆవిడ్ని అందరూ పరదాల పిన్ని అనేవారు. కిటికీలకి పరదాలు కుట్టి బతికిన మనిషి గనక ఆ పేరు. పోనీ పేరుకి తగ్గట్టు గుట్టుగా ఉంటుందా అంటే, అబ్బే! "మీ కిటికీ వంకరండీ, అచ్చం మీ ఆయన నడకలాగే" అని మొహం మీదే అనేసి, టేపు మెడలో వేసుకుని చక్కా పోయే రకం. అయినా ఆవిడంటే అందరికీ ఇష్టమే. చేతిలో పని అలాంటిది మరి.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. ఊళ్ళో ప్రతి సందూ కంఠతా వచ్చిన మనిషికి రిటైరయ్యాక మతి తప్పడం మొదలైంది. ముందు దారులు పోయాయి, తర్వాత పేర్లు పోయాయి, చివరికి తన మొహం తనకే తెలియకుండా పోయింది. బీరువా అద్దంలో ముసలాణ్ణి చూసి "దొంగ! దొంగ!" అని ఒకటే కేకలు. ఓ రోజు స్టీలు గ్లాసు విసిరాడు. పిన్నికి ఒళ్ళు మండిపోయి, మిగిలిపోయిన పరదా గుడ్డ తీసి, చుట్టూ ఎలాస్టిక్ వేసి, దిండు గలీబులా కుట్టి అద్దానికి తొడిగేసింది. ఆయన వచ్చి చూశాడు. "పోయాడా వెధవ?" అన్నాడు. ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు. పోయేదాకా మళ్ళీ దొంగ ఊసెత్తలేదు పాపం.

ఇలాంటి కుటుంబాల కోసం ఊళ్ళో ఓ చిన్న సంస్థ ఉంది. చెప్పుల షాపు మీద రెండు గదులు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఎప్పుడూ మోగే ఒక ఫోను. ఇంట్లో మతి తప్పినవాళ్ళున్నవాళ్ళు అక్కడికొచ్చి కాసేపు ఏడుస్తారు, కాసేపు నవ్వుకుంటారు, టీ తాగి వెళ్ళిపోతారు. దాన్ని నడిపేది రిటైరైన నర్సమ్మ. భర్త పోయాక, వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీ తిరిగి ఇవ్వడానికి వెళ్ళిన పిన్ని మాటల్లో ఈ అద్దం సంగతి చెప్పింది. నర్సమ్మ చేతిలో కప్పు కింద పెట్టింది. "చాలా ఇళ్ళల్లో ఇదే గోలమ్మా. వాళ్ళకీ కుట్టిపెడతావా?" అంది. అదిగో, అప్పట్నించీ అదే పిన్ని పని. ఏ ఇంట్లో ఎవరు అద్దాన్ని చూసి జడుసుకుంటున్నారన్నా టేపు పట్టుకుని బయల్దేరేది. ప్రశ్నలు వేసేది కాదు. ముందు కప్పెయ్యి, తర్వాత మాట్లాడు. అదీ ఆవిడ పద్ధతి.

ఆ పద్ధతే కొంప ముంచింది.

ఓ రోజు మధ్యాహ్నం నర్సమ్మ ఒక ఇంటికి పంపించింది. తల్లీ కూతుళ్ళు ఇద్దరే ఉంటారు. కూతురికి యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, తల్లి కోసం ఉద్యోగం కూడా మానేసింది. తలుపు తీసినప్పుడే మొహంలో రక్తం లేదు.

"మా అమ్మ నన్ను గుర్తుపట్టి రెండేళ్ళు దాటింది పిన్నిగారూ. దానికి ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను. ఇది మాత్రం నావల్ల కాదు. మీరే వినండి" అని గొంతు తగ్గించింది.

పిన్ని గది తలుపు దగ్గర చెవి పెట్టింది. లోపల రెండు గొంతులు మాట్లాడుకుంటున్నాయి. ఒకటి ముసలావిడది. రెండోదీ ముసలావిడదే. ఒకటి అడుగుతోంది, ఇంకొకటి కాస్త సన్నగా జవాబు చెబుతోంది. మధ్యలో ఇద్దరూ కలిసి నవ్వారు.

తలుపు తోసేసరికి గది గప్‌చుప్. నీలం నైటీలో పెద్దావిడ డ్రెస్సింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉంది. నిలువెత్తు అద్దం. అద్దంలో ఇంకో నీలం నైటీ, వెనకాల పసుపు పరదా. ఇద్దరూ నోటి మీద వేలు పెట్టుకున్నారు, ఎవరో వచ్చారు ఊరుకో అన్నట్టు.

ఎన్నో ఇళ్ళు చూసిన పిన్ని కూడా గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగింది. అయినా పని పనే. టేపు తీసి కొలవబోతే అద్దం మీద, సరిగ్గా నోరు ఉండే ఎత్తులో, మెతుకులు ఎండిపోయి అంటుకుని ఉన్నాయి. గోటితో గీకి, శుభ్రంగా తుడిచేసింది. అప్పుడు పెద్దావిడ చూసింది. పిన్నిని కాదు, అద్దంలో పిన్నిని.

"నిన్ను కూడా లోపలికి రానిచ్చారా?" అని మెల్లగా అడిగింది.

పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. సంచిలో ఉన్న తొడుగు ఒకటి సరిపోతే గబగబా తొడిగేసి, చెప్పులు వేసుకుని రోడ్డెక్కేసింది. అద్దాన్ని చూసి భయపడుతున్నది కూతురు. తల్లి కాదు. ఆ ముక్క బస్సెక్కాక గానీ తట్టలేదు. తట్టినా, "ఆఁ, ఏమవుతుందిలే" అనుకుంది.

ఆ వారంలోనే కూతురు సంస్థకి పరిగెత్తుకొచ్చింది. పిన్ని అక్కడే ఉంది.

"అమ్మ అన్నం మానేసింది. రోజంతా ఆ గుడ్డకి చెవి ఆనించి తట్టేది. 'ఊపిరాడక చస్తుందే, తియ్యవే' అని ఏడ్చేది. ఆ గుడ్డ పీకేస్తే మళ్ళీ ఆ మాటలు మొదలు. భరించలేక వడ్రంగిని పిలిచి అద్దమే తీయించేశాను. తీస్తుంటే పగిలింది. ఇప్పుడు ఖాళీ చట్రం ముందు కూర్చుని, నోరు బిగించేసింది. డాక్టరు చూసి, ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు. గొట్టం వేస్తే పీక్కుంటుంది, చేతులు కట్టెయ్యాల్సి వస్తుందట. మా అమ్మ చేతులు కట్టేస్తారట పిన్నిగారూ!"

పిన్నికి ఆ ఎండిన మెతుకులు కళ్ళ ముందు కనబడ్డాయి. "ఆవిడ అద్దంలో మనిషికి అన్నం పెట్టేదా?"

"ముందు దానికి పెట్టి, తర్వాతే తను తినేది."

"నా బుద్ధి మండా! చేతులారా తుడిచేశానే!" అని పిన్ని నెత్తి బాదుకుంది.

కొత్త అద్దం తెచ్చి బిగించారు. పెద్దావిడ ఆశగా ముందుకి వంగి చూసి, వెంటనే వెనక్కి జరిగిపోయింది. తిండి లేక బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయాయి కదా. "ఇది ఆవిడ కాదు. ఎవర్తో బక్కది. నా కంచం కేసే చూస్తోంది, పంపెయ్యండి" అని వణికింది. అద్దం తీసేశారు.

పిన్ని ఖాళీ చట్రం కేసి చూసింది. పక్కనే గోడకి ఆనుకుని ఏడుస్తున్న కూతుర్ని చూసింది. రంగు వేసుకోవడం మానేసి నెరిసిపోయిన జుట్టు, అదే ముక్కు, అదే గడ్డం. అమ్మ చిక్కిపోకముందు మొహం అక్కడే ఉంది.

"నువ్వు కూర్చో" అంది.

"ఎక్కడ?"

"అవతల."

"మీకేమైనా మతి పోయిందా పిన్నిగారూ? నాకు దాన్ని తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. నన్ను అదై కూర్చోమంటారా?"

"గొట్టం కంటే నయమా కాదా? అది చెప్పు ముందు."

కూతురు కళ్ళు తుడుచుకుని తలూపింది.

పిన్ని ఇంటికెళ్ళి మిషను ముందు కూర్చుంది. అదే నీలం గుడ్డ వెతికి తెచ్చి, అదే కాలరు, అవే గుండీలతో నైటీ కుట్టింది. పసుపు పరదాకి జోడీ ఇంకోటి కుట్టింది. మర్నాడు డ్రెస్సింగ్ టేబుల్‌ని గోడకి దూరంగా జరిపి, వెనక చెక్క ఊడదీయించి, అవతల స్టూలు వేసి, స్టూలు వెనక పరదా కట్టింది. కూతురి జుట్టు తల్లికి లాగే ముడేసింది. ఇద్దరి ముందూ ఒకేలాంటి కంచాలు, ఒకేలాంటి స్పూన్లు.

"ఆవిడ కుడి చెయ్యెత్తితే నువ్వు ఎడమ. మాట్లాడకు. ఏడిస్తే మాత్రం చంపేస్తాను" అని చెవిలో చెప్పి, తను తలుపు చాటున నిలబడింది.

పెద్దావిడని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆవిడ తలెత్తింది. అవతల మనిషి కూడా తలెత్తింది. పెద్దావిడ తల కాస్త పక్కకి వంచింది. అవతలి తల కూడా వంగింది. నిజం చెప్పొద్దూ, అన్నీ తనే కట్టిన పిన్నికి కూడా ఒక్క క్షణం అక్కడ అద్దం ఉన్నట్టే అనిపించింది.

పెద్దావిడ స్పూనుతో అన్నం తీసి, అలవాటు ప్రకారం ముందుకి చాపింది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి గాజు దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు ఆగలేదు. చట్రం దాటి అవతలికి వెళ్ళిపోయింది.

అయిపోయింది, కనిపెట్టేసింది అనుకుంది పిన్ని. కూతురు బిగుసుకుపోయింది.

పెద్దావిడ స్పూను ఆ చేత్తో అలాగే పట్టుకుని, రెండో చెయ్యి కూడా లోపలికి చాపి ఆ బుగ్గ తాకింది. వేళ్ళు అక్కడే ఉంచింది.

"వేడిగా ఉన్నావే" అంది. "ఎప్పుడూ చల్లగా ఉండేదానివి."

కూతురు కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ఆగలేదు. నోట్లో అన్నం పెట్టించుకుంది గానీ గొంతు దిగడం లేదు.

"మింగు" అంది పెద్దావిడ, కసిరినట్టు. "మా అమ్మాయీ ఇంతే. చిన్నప్పుడు ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చునేది. మింగు."

మింగింది. అప్పుడు పెద్దావిడ తన కంచంలోంచి తీసుకుని తనూ తింది. నమిలింది. మళ్ళీ అవతలికి ఒకటి, ఇవతల ఒకటి. తలుపు చాటున పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది.

సగం కంచం ఖాళీ అయ్యాక పెద్దావిడ ఆగి ఆ మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఏడుస్తున్నావేమే? ఆ ఇంట్లో నీకెవరూ లేరా?"

కూతురు అడ్డంగా తలూపింది. ఇవతల తల్లి తల కూడా, తనకి తెలియకుండానే, అడ్డంగా ఊగింది.

"అయితే ఇక్కడికొచ్చెయ్యి" అంది పెద్దావిడ, గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు. "మా ఇంట్లో ఒక పిల్ల ఉంది. ఎవరో తెలీదు గానీ, నన్ను చాలా బాగా చూసుకుంటుంది."