ప్రింట్ ఆర్డర్ రాని తొమ్మిదో కథ

1977 నవంబరులో నేను విజయవాడలోని ఒక ప్రెస్సులో అసిస్టెంట్ ఫోర్‌మన్‌ని. ప్రింటింగ్ టెక్నాలజీలో డిప్లమా చేసి చేరాను. ఆ హాల్లో ఒక సిలిండర్ మిషను, ఒక ట్రెడిలు, నలుగురు కంపోజిటర్లు, గోడ పొడవునా టైపు కేసులు, అద్దాల గదిలో యజమాని. ఇవి కాక, రాతి బల్ల మీద పురికొసతో కట్టి ఉంచిన పదహారు పేజీల సీసపు అక్షరాలు. అది ఒక కథల సంపుటిలోని ఆఖరి ఫారం.

రచయిత ప్రకాశరావు గారు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. ఆయన కథలన్నీ విజయవాడలోనే జరుగుతాయి గాని, మనకు తెలిసిన విజయవాడలో కాదు. ఆటోనగర్‌లో బాగుపడిన లారీలు రాత్రికి డ్రైవరు లేకుండా షెడ్డుకు తిరిగొస్తాయి. సిటీ బస్సు ఏలూరు కాలవలోకి దిగి, అడుగున ఉన్న స్టాపుల్లో ఆగుతుంది. తొమ్మిదో కథలో సముద్రం బందరు కాలవ వెంట ఊళ్ళోకి వచ్చి మనుషుల్ని తీసుకుపోతుంది. తెల్లారేసరికి అందర్నీ ఎవరి గుమ్మంలో వాళ్ళను దించి వెళ్ళిపోతుంది. ముందు ఎనిమిది కథలూ అప్పటికే అచ్చయ్యాయి, ఆఖరి ఫారంలో ఉన్నది ఈ కథ ఒక్కటే.

రచయిత ప్రూఫు మీద 'ప్రింట్' అని రాసి సంతకం పెడితేనే ఫారం మిషనెక్కుతుంది. దాన్నే ప్రింట్ ఆర్డర్ అంటాం. అచ్చయ్యాక టైపు విడగొట్టి కేసుల్లో వేస్తాం, అదే సీసంతో తర్వాతి పని మొదలవుతుంది. విషయసూచిక ఉన్న ముందు పేజీలను ఆఖరున వేయడం పద్ధతి. మా యజమాని కాగితం కలిసొస్తుందని వాటిని మొదటి ఫారంలోనే కలిపేశారు.

ముగింపు నచ్చలేదని ప్రకాశరావు గారు తొమ్మిదో కథ ప్రూఫు తీసుకుని, భార్యాపిల్లలతో దివిసీమలోని అత్తగారి ఊరికి వెళ్ళారు. ఆ వారమే ఉప్పెన వచ్చింది. కొన్నాళ్ళకు ఆయన భార్య మార్తమ్మ గారు ఒక్కరే తిరిగొచ్చారు.

"ఏమయ్యా డిప్లమా, ఊరంతా ఉప్పెన మాటే మాట్లాడుకుంటుంటే ఆ కథను కట్టి కూర్చోబెట్టావేం? ఎక్కించు," అన్నారు యజమాని.

ప్రింట్ ఆర్డర్ లేదన్నాను.

"పోయినోడొచ్చి సంతకం పెడతాడా? ఆవిడ్ని పిలిపించు."

మార్తమ్మ గారు వచ్చారు. కొత్త ప్రూఫు తీసి ఇచ్చాను. నిలబడే చదివారు.

"మీరు సంతకం పెడితే చాలమ్మా. ఆయన పేరు నిలబడుద్ది," అన్నారు యజమాని.

"ఇది మార్చాలన్నారండీ. బస్సులో కూడా ఇదే గోల. ఇంత మంచిగా ముగిస్తే ఎవరు నమ్ముతారే అన్నారు." ఆమె చివరి పేజీ మీద వేలు పెట్టారు. "అందర్నీ గుమ్మంలో దించిందని ఉంది కదండీ. మా పిల్లల్ని దించలేదుగా."

"పోనీ, ముగింపు మీరే చెప్పండమ్మా. ఇప్పుడే కంపోజు చేయిస్తా."

"ఏం చెప్పమంటారు?"

యజమాని లేచి తన అద్దాల గదిలోకి వెళ్ళిపోయారు. ఆమె ప్రూఫు మడిచి నా చేతికిచ్చారు, సంతకం పెట్టలేదు. ఆ మధ్యాహ్నమే ఫారం అచ్చు వేయకుండానే విడగొట్టించాను.

అప్పటికే అచ్చయిన విషయసూచిక మీద సవరణ చీటీ అంటిస్తామన్నాను. మార్తమ్మ గారు వద్దన్నారు. "పేరన్నా ఉండనివ్వండి. ఆయన పెట్టిందేగా."

మరుసటి ఏడు ఆ సంపుటికి బహుమతి వచ్చింది. తొమ్మిదో కథ పేరు ఇచ్చి కథ ఇవ్వకపోవడం రచయిత చేసిన గొప్ప ప్రయోగమని ఒక సమీక్షకుడు రాశాడు. మేమెవరమూ సరిదిద్దలేదు.

ముందు పేజీలను ఆఖరున ఎందుకు వేయాలో కాలేజీలో చెప్పారు గాని, కారణం నాకు ఆ పుస్తకంతో తెలిసింది. తర్వాత నా ఉద్యోగకాలంలో ఏ పుస్తకానికీ విషయసూచికను ముందు వేయనివ్వలేదు.

ఆ సంపుటి విషయసూచికలో కథలు తొమ్మిది. లోపల ఎనిమిది.