తొలిచూలు బిడ్డ

జౌరేష్‌కి మొదటి కొడుకు పుట్టింది ఎనభై మూడో సంవత్సరం జనవరిలో. సిర్ దర్యా నది మీద గడ్డకట్టిన మంచు పైనుంచి బండ్లు నడిచిపోతున్న రోజులవి. అప్పటికామెకు ఇరవై ఒక్కటి. భర్త సపర్ రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంట్లో కడగొట్టువాడు కాబట్టి తల్లి కుమిస్‌ అతని దగ్గరే ఉండేది.

నలభై రోజులు నిండిన నాడు ఆ అత్తగారు చుట్టుపక్కల ఆడవాళ్ళందరినీ పిలిచింది. నలభై చెంచాల నీళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టి పోస్తూ మనవడికి స్నానం చేయించింది. ఒళ్ళు తుడిచి, తన గౌను గుండీలు విప్పి, బిడ్డను మెడ దగ్గరనుంచి లోపలికి పెట్టుకుని, కింద అంచులోంచి బయటికి తీసింది. తనే కన్నట్టు.

"వీడు నావాడు," అంది. "నీకేం, చిన్నదానివి. ఇంకొకణ్ణి కంటావు."

ఆడవాళ్ళు నవ్వారు, దీవించారు. జౌరేష్‌ని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా. ఆమె పుట్టింట్లో పెద్దన్నని కూడా నాయనమ్మే పెంచుకుంది. తొలిచూలు బిడ్డ ముసలివాళ్ళది. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా అంతే.

బిడ్డకు కువానిష్ అని పేరు పెట్టారు. పాలివ్వడం మాత్రం జౌరేష్ వంతు. అత్తగారు పిలిచినప్పుడు వెళ్ళి, ఆమె పక్కనే కూర్చుని పాలిచ్చి, తిరిగి ఆమె ఒళ్ళో పెట్టి వచ్చెయ్యాలి. పెద్దల ఎదుట ముద్దు చెయ్యకూడదు. వాడికి మాటలొచ్చాక కుమిస్‌ని అమ్మా అన్నాడు. కన్నతండ్రిని అన్నా అన్నాడు. జౌరేష్‌ని వదినా అన్నాడు. అదే వరస కదా మరి!

ఆరేళ్ళప్పుడు ఒకసారి మంచు మీద జారిపడి పన్ను విరగ్గొట్టుకున్నాడు. నోటినిండా నెత్తురుతో, ఏడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న జౌరేష్ చేతులు చాచింది. వాడు ఆమెను దాటుకుని లోపలికి, అమ్మ దగ్గరికి పోయాడు. చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఆమె తడి దుప్పటి అందుకుని మళ్ళీ పిండింది. ఆ తర్వాత ఖాళీ చేతులతో ఉండటం మానేసింది. లెవెల్ క్రాసింగు గేటు దగ్గర పని దొరికితే చేరిపోయింది. రైలు వచ్చినప్పుడు గేటు దించి, జెండా పట్టుకుని నిలబడాలి. ముప్పై ఏళ్ళకు పైగా అలా నిలబడింది.

రెండోవాడు తల్గత్ ఆమెకు దక్కాడు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు.

రెండువేల నాలుగులో కుమిస్‌ పోయింది. ఇరవై ఒక్కేళ్ళ కువానిష్ గోడకు తల ఆనించి ఏడ్చాడు. "తల్లిలేని పిల్లాడైపోయాడే," అని ఊరి ఆడవాళ్ళు వాడి వీపు నిమిరారు. జౌరేష్ ఆ గదిలోనే వాళ్ళందరికీ టీ పోస్తోంది. వాడి ముందు గిన్నె పెట్టి, "తాగు నాయనా, మీ అమ్మ ఏడవనిచ్చేది కాదు," అంది. 

కువానిష్ మంచివాడే. రైల్వే షెడ్డులో మెకానిక్కయ్యాడు. పెళ్ళి చేసుకుని, ఇద్దరు ఆడపిల్లల తండ్రి అయ్యాడు. సపర్ పోయాక ప్రతి శీతాకాలం ముందూ వదిన ఇంటికి బొగ్గు తోలేది వాడే. వాడి పెద్దకూతురు పుట్టినప్పుడు జౌరేష్‌ బిడ్డను అడగడానికి నోరు తెరవబోయి ఊరుకుంది. తోడికోడలి వరసైన పొరుగింటి రిస్తీ ఆ విషయం కనిపెట్టి, "మరిది పిల్ల నీకెలా వస్తుందే పిచ్చిదానా? నీ లెక్క తల్గత్ దగ్గరుంది. ఓపిక పట్టు," అంది. ఓపికకేం, జౌరేష్ పట్టింది.

తల్గత్ అల్మాటీలో స్థిరపడ్డాడు. బ్యాంకులో పనిచేసే తొగ్జాన్‌ని చేసుకున్నాడు. గేటుకి యంత్రం పెట్టి జౌరేష్‌ని ఇంటికి పంపిన ఏడే వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది, సెజిమ్ అని పేరు. ఉయ్యాలలో వేసే పండగకు ఆమె ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చుని వెళ్ళింది. బయల్దేరేముందు రిస్తీ నూరిపోసింది. "అడుగు. నోరు కుట్టేసుకుని తిరిగొచ్చావంటే నీతో మాట్లాడను."

రెండో రోజు వంటింట్లో కోడలే ఎదురుగా వచ్చి నిలబడింది. 

"అత్తమ్మా, మీరు పాపని అడుగుతారని మావాళ్ళంటున్నారు. నేనివ్వలేను. ముందే చెప్పేస్తున్నా, తర్వాత మీరు బాధపడొద్దు."

"నేనడిగానా?"

"అడగలేదు."

"మరింకేం. టీ పొయ్యి."

తొగ్జాన్ టీ పోసింది. జౌరేష్ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. కోపం రాలేదు. కానీ ఇంత తేలికా ఇది, అనిపించింది. నోరు తెరిచి ఇవ్వలేను అంటే సరిపోతుందా? మరి తనకెందుకు చేతకాలేదు?

తిరిగొచ్చాక రిస్తీ నెల్లాళ్ళు మాట్లాడలేదు.

పాపకు పది నెలలు రాగానే తొగ్జాన్ ఫోన్ చేసింది. బ్యాంకు వాళ్ళు రమ్మంటున్నారు, పిల్లల బడిలో చోటు లేదు, పేరు మాత్రం రాసుకున్నారు. "ఓ రెండేళ్ళు చూస్తారా అత్తమ్మా? చోటు దొరగ్గానే తెచ్చేసుకుంటాం." గొంతులో సిగ్గు వినిపించింది. ఆ వేసవిలో మొగుడూ పెళ్ళాం పాపతో దిగారు. పాపకు ఏ పూట ఏం పెట్టాలో రెండు కాగితాల నిండా రాసి గోడకు అంటించారు. జౌరేష్‌ చేతికి కొత్త ఫోనిచ్చి, దాంట్లో మొహం ఎలా చూపించాలో నేర్పి వెళ్ళారు.

"చూశావా, నువ్వడక్కపోయినా దేవుడే తెచ్చి ఒళ్ళో వేశాడు!" అని రిస్తీ వేడివేడి బౌర్సాక్‌ రొట్టెలు వేయించి పట్టుకొచ్చింది.

అరవయ్యేళ్ళ నడుముతో పసిదాన్ని పెంచడమంటే మాటలా! సెజిమ్ కుదురుగా ఉండదు. పొయ్యి దగ్గరికి పాకుతుంది, గొర్రెల దొడ్డి తలుపు తీస్తుంది, ఉడికించిన అన్నం ఊదిఊది పెడితే చాప మీద ఉమ్మేస్తుంది. మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని లేవడానికి జౌరేష్‌కి అరనిమిషం పట్టేది. ఈలోగా అది గది దాటిపోయేది. ఏడాది దాటేసరికి మాటలొచ్చాయి. ఒకనాడు ఆమె గౌను అంచు పట్టుకుని, "అమ్మా," అంది.

జౌరేష్ ఆగిపోయింది. రిస్తీ చప్పట్లు కొట్టింది.

"కాదు తల్లీ. నేను నాయనమ్మని. అమ్మ ఫోన్లో వస్తుంది కదా, ఆవిడ."

"అమ్మా."

"నాయనమ్మ."

రోజుకు యాభైసార్లు ఇదే పాట. రిస్తీకి ఒళ్ళు మండిపోయింది. "పిలవనియ్యవే! నీ సొమ్మేం పోయింది? పెంచుతున్నదానివి నువ్వు కాదూ?"

"అక్కడ కన్నది ఉంది రిస్తీ."

"నువ్వు కనలేదా మరి? నిన్ను అమ్మా అనమని కువానిష్‌కి ఎవరన్నా ఇలా చెప్పిపెట్టారా?"

అయినా జౌరేష్ తన పట్టు వదల్లేదు. సాయంత్రం ఆరింటికి ఫోను మోగగానే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తెర మీద తొగ్జాన్ మొహాన్ని వేలితో చూపించేది. "ఇదిగో, అమ్మ." ఒక్కసారి మాత్రం తప్పింది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న ఒక మధ్యాహ్నం పాప అమ్మా అని మూలిగింది. "ఏం తల్లీ," అంది జౌరేష్. అన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండో ఏడు బొగ్గు తోలడానికి వచ్చిన కువానిష్, చేతులు కడుక్కుని టీకి కూర్చున్నాడు. పాప గొడవ చూస్తున్నాడు. అమ్మా, నాయనమ్మ, అమ్మా, నాయనమ్మ. చాలాసేపు విని, తల వంచుకునే అడిగాడు.

"వదినా, నన్నిచ్చేసిన రోజు నువ్వేం చేశావు?"

నలభై ఏళ్ళలో వాడా మాట ఎత్తడం అదే మొదలు.

"బట్టలుతికాను."

"ఏడ్చావా?"

"గుర్తులేదు నాయనా. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వేళ్ళు కొంకర్లు పోయాయి. అదొక్కటే గుర్తుంది."

వాడు టీ గిన్నె చేతుల్లో తిప్పాడు. "అమ్మ నన్ను బాగా చూసింది," అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

"చూసింది. ఆవిడకి వంక పెట్టడానికి లేదు."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. ఏదో అనబోయి, "పొయ్యి గొట్టం పొగ లాగట్లేదు, ఆదివారమొచ్చి దులుపుతా," అని వెళ్ళిపోయాడు. ఆదివారం వచ్చి దులిపాడు.

సెజిమ్‌కి మూడేళ్ళు నిండుతుండగా బడిలో చోటు దొరికింది. తొగ్జాన్ ఒక్కతే వచ్చింది. పాపకు ఆవిడ అమ్మ అని తెలుసు. అమ్మా అంటూ దగ్గరికెళ్ళి చెంపలు తడిమి, ఫోను ఏదీ అన్నట్టు ఆమె వెనక్కి వంగి చూసింది. తొగ్జాన్ కూలబడి ఏడ్చింది. "నన్ను అమ్మ అంటోంది. మిమ్మల్నే అంటుందనుకున్నా అత్తమ్మా. అందుకే రావడానికి భయపడ్డా."

"లే. ప్రయాణం చేసొచ్చావు, తిను," అంది జౌరేష్.

పాప అలవాటు పడేదాకా ఆమె కూడా అల్మాటీ వెళ్ళి, పది రోజులు వంటింటి సోఫా మీద పడుకుంది. పదకొండో రోజున పాప బడికెళ్ళిన వేళ రైలెక్కింది. ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోయింది. రిస్తీ వచ్చి, బతికుందో లేదో అని ముక్కు దగ్గర చెయ్యిపెట్టి చూసిందట.

మరుసటి ఏడు తొగ్జాన్ మళ్ళీ కడుపుతో ఉంది. బిడ్డ పుట్టాక తల్గత్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఈసారి కూడా ఏడాదిన్నర చూస్తావా? నీకూ తోడుగా ఉంటుంది."

జౌరేష్ కిటికీలోంచి చూసింది. నాలుగు గొర్రెలు, వాకిట్లో ఎండబెట్టిన పుచ్చకాయ ముక్కలు.

"నావల్ల కాదురా."

"అదేంటమ్మా?"

"పెంచడానికి ఒంట్లో ఓపిక లేదు. పెంచి పంపడానికి అసలు లేదు."

తల్గత్ అలిగాడు. మూడు వారాలు ఫోన్ లేదు. నాలుగో వారం తొగ్జాన్ చేసింది. పిల్లల్ని చూసుకోవడానికి ఒకావిడ కుదిరిందట, వంట కూడా పర్వాలేదట. ఇద్దరూ వాతావరణం గురించి, పాప దగ్గు గురించి మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేశాక జౌరేష్ పుచ్చకాయ ముక్కల్ని రెండోవైపుకి తిప్పింది. పని మధ్యలో నడుం పట్టేసి కాసేపు గడప మీద కూర్చుంది. ఎవరూ పిలవలేదు, అందుకని చాలాసేపే కూర్చుంది.