నలుగురు మంచం మోసేంత దారి

నీళ్లలో కొట్టుకుపోయిన ఊరిని మళ్లీ అక్కడే కట్టుకోవచ్చునా? చెప్పండి. దేవుని మీదికి నెట్టకుండా, మీ పిల్లల ముఖాలు చూసి చెప్పండి. మా పేటలో ఈ ప్రశ్న మొదట అడిగిన మనిషి మొన్న గురువారం పొద్దున పోయినాడు. మా పక్కింటి మేస్త్రి. ఇండ్లల్లో బండలు పరిచే మేస్త్రి. టీ సాసర్లో పోసుకొని ఊదుకుంటా, గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే ఉండిపోయినాడు. ఆయన భార్య, మా వదినమ్మ, కేక పెడితే నేనూ నా భార్యా పరిగెత్తినాం. సాసర్లో టీ ఇంకా వేడిగానే ఉంది.

ఆయన్ను మిట్ట మీది ఖబరస్తానుకు మోసుకుపోవాలంటే మా సందు గుండా నాలుగడుగుల దూరం. ఆ సందులో ఆయన జనాజా మంచం పట్టలేదు. సందుకు అడ్డంగా మా ప్రార్థన మందిరం గోడ ఉంది. ఆ గోడ కట్టించింది ఆ మందిరం బోధకుణ్ణయిన నేను. అందుకే ఈ కరపత్రం రాస్తున్నాను. దీన్ని జ్ఞాపకం అనుకోండి, సాక్ష్యం అనుకోండి, పాపం ఒప్పుకోవడం అనుకోండి. చదివి పక్కన పెట్టేది మాత్రం కాదు.

మా పేట ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. కర్నూలు పాత ఊర్లో ఏటి ఒడ్డున ఉంటాం. ఒక దిక్కు తుంగభద్ర, ఇంకో దిక్కు హంద్రీ. వెనక మిట్ట. పేటలోనుంచి మిట్టకు తిన్నగా ఎక్కేది ఒకటే సందు. అది కాదంటే ఏటి ఒడ్డు పట్టుకొని, బజారంతా చుట్టుకొని పోవాల. ఏరు పొంగితే ఆ చుట్టుదారే ముందు మునుగుతుంది.

వరద వచ్చిన ఏడు మధ్యాహ్నం అన్నాల వేళకు నీళ్లు మా గడపలో ఉన్నాయి. మా అమ్మ మంచం దిగలేని మనిషి. నేను ఆమె పక్కన మోకాళ్లూని ప్రార్థన చేస్తున్నాను. మేస్త్రి నడుంలోతు నీళ్లలో వచ్చి నా రెక్క పట్టుకొని లేపినాడు. "ల్యాయ్యప్పా! ప్రార్థన మిట్టమీద చేద్దువుగానీ. మంచం పట్టు." బేతంచెర్ల నుంచి బండల లారీ తోలుకొచ్చిన ఇద్దరిని ఎక్కడినుంచో పట్టుకొచ్చినాడు. ఆయన ముందు, నేను వెనక, మా పక్కన చెరొకరుగా వాళ్లు. నలుగురం మంచాన్ని భుజాల మీదికెత్తుకొని సందులో పడినాం.

మా అమ్మ పైనుంచి తిట్లు. "నన్నప్పుడే మోస్తాండారేందిరా! నేనింకా సావలేదు!"

"ఊరికే పండుకోమ్మా. పెండ్లికూతురిని మోస్తాండాం," అని మేస్త్రి రొప్పుకుంటా అన్నాడు. "నగలు ఇంట్లో మర్సిపోతివి, అదొక్కటే లోటు."

ఆ నీళ్లల్లో మా అమ్మ నవ్వింది. ఇంకో నాలుగేండ్లు బతికింది. ఆ నాలుగేండ్లూ నాకు దేవుడు ఇచ్చినాడని నేను మందిరంలో సాక్ష్యం చెప్పినాను. సందు ఇచ్చిందని ఒక్కనాడూ చెప్పలేదు.

నీళ్లు తీసినాక మిట్ట మీది బడిలో సభ పెట్టినారు. ఇండ్లల్లో మోకాలెత్తు బురద. తడిసిన బియ్యం కుళ్లిన వాసన పేటంతా. దూరంగా రాతి గుండ్ల మధ్యన కొత్త జాగా ఇస్తామని అధికారులు చెప్పినారు. పోవాలా, ఇక్కడే మళ్లీ కట్టుకోవాలా? ముందు మేస్త్రి లేచినాడు.

"నేను బండలు పరిచేటోణ్ణి. ఊరు మళ్లీ కడితే నా చేతికి పదేండ్ల పని. అయినా చెప్తాండా, వద్దు. ఏరు దావ చూసుకోని పోయింది. మళ్లీ వస్తాది."

"ఆ గుండ్లల్లో ఏం తిని బతకాల మేస్త్రీ? నీ బండలా?" అని వెనకనుంచి ఎవరో అరిచినారు. అందరూ నవ్వినారు. ఆయనా నవ్వినాడు గాని కూర్చోలేదు.

అప్పుడు నేను లేచినాను. నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు. హమాలీ పని చేసుకుంటా అక్షరం అక్షరం కూడబలుక్కొని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. నోరు మాత్రం దేవుడు పెద్దది ఇచ్చినాడు. బైబిల్లో, చెరలోనుంచి తిరిగొచ్చిన జనం కాలిపోయిన తమ పట్టణపు గోడను మళ్లీ కట్టుకున్న సంగతి ఎత్తుకున్నాను. నక్క ఎక్కితే కూలే గోడ అని శత్రువులు ఎగతాళి చేసినా, ఒక చేత్తో రాయి, ఒక చేత్తో ఆయుధం పట్టుకొని కట్టినారని చెప్పినాను. "కట్టుదాం రండి!" అని గొంతు చించుకున్నాను. ఆడవాళ్లు ఏడ్చినారు. మగవాళ్లు లేచి నిలబడినారు. పేట పేటంతా కిందికి దిగింది. దింపింది నేను.

బయట మేస్త్రి నాకోసం నిలబడి ఉన్నాడు. "శానా బాగా చెప్తివప్పా. నాకే ఏడుపొచ్చె. ఒకటి చెప్పు. ఆ ఊరిగోడకు వాకిండ్లు ఎన్ని పెట్టినారు?"

నాకు తెలీదు. ఇంటికి పోయి బైబిలు తెరిచి చూసినాను. ఎవరెవరు ఎంతెంత గోడ కట్టినారో పేర్ల పట్టీ ఉండే అధ్యాయం అది. పేర్లే కదా అని ఎప్పుడూ దాటేసేవాణ్ణి. వేలు పెట్టి చదివితే గోడకంటే గుమ్మాలే కండ్లకు కొట్టినాయి. గొర్రెల గుమ్మం, చేపల గుమ్మం, నీటి గుమ్మం, గుర్రాల గుమ్మం. ఇంత గోడ, ఒక గుమ్మం. మళ్లీ ఇంత గోడ, ఇంకొక గుమ్మం. పోయి చెప్తే మేస్త్రి తొడ చరుచుకున్నాడు.

"సూసినావా, వాళ్లు మేస్త్రులు! గోడ ఎవడన్నా కడతాడు. వాకిలి యాడ పెట్టాలో తెలిసినోడే మేస్త్రి. నీ పుస్తకం నీకంటే నాకే బాగా తెల్సునప్పా."

వద్దన్నవాడే మా ఇండ్లన్నింటికీ బండలు పరిచినాడు. ఎట్లాగూ ఉంటారు కదా, సరిగ్గా ఉండండి అన్నాడు. గొంతుక్కూర్చొని, పరిచిన ప్రతి బండనూ సుత్తి కట్టెతో కొట్టి చెవి వంచి వినేవాడు. డొల్ల మోగితే "కింద ఖాళీ ఉండాది" అని పీకి మళ్లీ వేసేవాడు. ఇంటివాళ్లు వద్దన్నా వినేవాడు కాదు.

సందు దగ్గర మాత్రం పంతం పట్టినాడు. మా అమ్మ మంచమే అడిగి తీసుకున్నాడు. నలుగురి చేత దాన్ని భుజాల మీదికెత్తించి ఏటి కాడినుంచి మిట్ట దాకా నడిపించినాడు. వాళ్ల మోచేతులు ఎక్కడ దాకా వస్తే అక్కడ రెండు పక్కలా సున్నంతో గీతలు గీసినాడు. "దావంటే మనిషి నడిచేంత కాదప్పా. మనిషిని మోసేంత." అప్పటినుంచి ఏటా వానలకు ముందు ఒక మంచం అడిగి తెచ్చి, నలుగురిని పోగుచేసి సందంతా మోయించేవాడు. అరుగుల మీదోళ్లు ఎకసెక్కాలు. "ఏం మేస్త్రీ, ఈ ఏడు పెండ్లికొడుకు ఎవరు?" "నువ్వే ఎక్కు మామా, బరువు సూద్దాం!" కొన్నాండ్లకు మోసేవాళ్లు ముగ్గురయినారు. తర్వాత ఇద్దరు. ఆఖరికి ఆయనొక్కడే చేతులు రెండు పక్కలకు చాపుకొని సందులో నడిచి వచ్చేవాడు.

మాది వాన కోసం ఉపవాస ప్రార్థనలు చేసే సీమ. బిందెలు వరస పెట్టుకొని ట్యాంకరు కోసం కొట్లాడుకునే జనం. ఏటిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే వరద భయం ఎవరికి గుర్తుంటుంది? నేనూ మర్చిపోయినాను. సంఘం పెరిగింది, మందిరం చాలలేదు, వెనకున్నది సందు. మనిషి పక్కకు తిరిగి పోయేంత విడిచి గోడ లేపినాం. లోపల బండలు వేయమని మేస్త్రిని పిలిచినాను.

"ఈడ నేను వెయ్యను."

"అన్నా, దేవుని మందిరం ఇది."

"దేవునికి జాగా తక్కువాప్పా? ఆకాశమంతా ఆయనదే. మనకుండేది ఈ సందొక్కటి."

నాకు రోషం వచ్చింది. నలుగురిలో అన్నాను. "నీకు విశ్వాసం లేదు. మళ్లీ జలప్రళయం రానీయనని దేవుడు మేఘంలో ధనుస్సు పెట్టి మాట ఇచ్చినాడు!"

ఆయన పంచె దులుపుకొని లేచినాడు. "లోకమంతా ముంచనన్నాడు. మన పేట పేరేమన్నా చెప్పినాడా?"

వేరే మేస్త్రిని తెచ్చి పని కానిచ్చినాను. బోధకుడే కట్టినాక జనం ఊరుకుంటారా? ఒకరు సందులోకి మెట్లు దింపినారు. ఒకరు మరుగుదొడ్డి కట్టినారు. ఒకరు బట్టలుతికే బండ వేసినారు. ముందుపోయే గొర్రె గుంతలో దూకితే మంద ఆగుతుందా? మేస్త్రి నాతో మాట మానలేదు. రంజానుకు సేమ్యా పంపడం మానలేదు. నమాజుకు పోయేటప్పుడు నా గోడ దగ్గర పక్కకు తిరిగి, పొట్ట బిగపట్టి దాటిపోయేవాడు. నేను కిటికీలోనుంచి చూసి తల తిప్పుకునేవాణ్ణి.

పోయిన వారం పైన వానలు ఎక్కువయినాయని వినగానే లెవెల్ పైపు తీసుకొని వచ్చినాడు. అది నీళ్లు నింపిన సన్న గొట్టం. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఒక కొసను తన ఇంటి గోడ మీద పాత వరద గుర్తు దగ్గర వదినమ్మ చేత పట్టించినాడు. ఇంకో కొస మందిరంలోకి తెచ్చి నన్ను ప్రసంగ వేదిక ఎక్కి నిలబడమన్నాడు. గొట్టంలో నీళ్లు ఊగి ఊగి నా గొంతు కాడ నిలిచినాయి.

"నీళ్లు అబద్ధం చెప్పవప్పా. ఇంక వాక్యం యాడినుంచి చెప్తావు?"

"మందిరం పండగ దగ్గర పడింది, అది కానీ అన్నా. తర్వాత గోడ సంగతి చూద్దాం."

ఆయన గొట్టం చుట్ట చుట్టుకున్నాడు. "సరే. పండగ అయ్యేదాకా ఆగమని ఏటికి చెప్పు."

అదే ఆయన నాతో ఆడిన కడపటి మాట.

జనాజా నా గోడ దగ్గర ఆగింది. నిలువునా తిప్పి చూసినారు, పట్టలేదు. ఒరిగించడానికి అది సామాను కాదు కదా. గోడను చూసినారు, నేల చూసినారు. ఒక పెద్దాయన మెల్లగా "తిప్పండి" అన్నాడు. ఎండలో ఏటి ఒడ్డు పట్టుకొని బజారంతా చుట్టుకొని పోయినాం. నాకూ భుజం ఇయ్యనిచ్చినారు. ఒడ్డున చాకళ్లు బట్టలారేసే గుండ్లు అప్పటికే కనపడటం లేదు. ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి. నా భుజం మీదున్నది పోయిన మనిషి. ఎంత చుట్టుకొని పోయినా ఆయనకు తొందర లేదు. బతికున్న మనిషైతే?

ఆదివారం వేదిక మీదికి ఎక్కలేదు. కిందే నిలబడి, గోడ కొట్టేద్దామన్నాను. సంఘపెద్ద లేచి, "అయ్యగారూ, దుఃఖంలో ఉండారు. పండగ కానీండి," అన్నాడు. ఒకామె, "మీరే గదయ్యా విశ్వాసముంటే నీళ్లు రావంటిరి," అనింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను నేర్పిన ఆమెన్ అది. జలప్రళయానికి ముందు ఓడ కట్టిన పెద్దాయన మాట ఆ కాలపు జనం వినలేదని ఎన్నిసార్లు చెప్పినానో. ఆ జనంలో నేనుంటానని ఎన్నడూ అనుకోలేదు.

మునిగిన ఊరిని మళ్లీ కట్టాలా వద్దా? ఈ పొద్దుకూ నాకు తెలీదు. మేస్త్రి వద్దన్నాడు, నేను కట్టించినాను. అది ఇప్పుడు తీరే పంచాయతీ కాదు. పైన డ్యాము గేట్లు ఎత్తినారు. ఒడ్డునుండే వాళ్లు జాగ్రత్తగా ఉండమని ఆటోలో మైకు కట్టుకొని పొద్దున రెండుసార్లు చెప్పి పోయినారు. నేను ప్రార్థనకు మోకాళ్లూనబోయి లేచినాను. గడపార తీసుకొని ఒక్కణ్ణే గోడ మీద పడినాను. చేతులు పొక్కినాయి. ఊడింది మూడు రాళ్లు.

ఆ బొక్కలోనుంచి చూస్తే అవతలి ఇంటి కిటికీ. దాని వెనక పక్షవాతంతో కాళ్లు పడిపోయిన ఒక ముసలామె. మైకు విని కూతురి చేత బట్టలు మూట కట్టించుకుంది. ఆ మూట గుండెల మీద పెట్టుకొని, రెండు చేతులా పట్టుకొని, నన్నే చూస్తూ పడుకుంది.

"ఇంకెంత సేపు నాయనా?" అనింది.

పేటవాళ్లారా, మీరు చెప్పండి. కాగితం కింద పెట్టండి. ఇంట్లో గడపార ఉంటే గడపార, సమ్మెట ఉంటే సమ్మెట, ఏదీ లేకుంటే వట్టి చేతులు తెచ్చుకోండి. ముందు నా గోడ కొట్టండి. తర్వాత ఎవరి మెట్లు వాళ్లు, ఎవరి దొడ్డి వాళ్లు తీసుకోండి. పండగ కాదు, ఆదివారం కాదు, రేపు కాదు. ఈ పొద్దు. అన్నం తిని రావద్దు, ఇప్పుడే రండి.